నాంచారమ్మ చెప్పిన సాక్ష్యం

ఎలీశమ్మ టీచరుగారికి వాదించే అలవాటు లేదు. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "నాకు తెలిసిన సంగతొకటి చెబుతాను. నీకు సరిపోతే తీసుకో, సరిపోకపోతే వదిలెయ్" అనేది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలకు ఏటా వానాకాలంలో ఆవిడ దగ్గర రెండు నెలలు తర్ఫీదు. ఆవిడ కుర్చీలో, వాళ్ళు చాపల మీద. ఆవిడ నోరు తెరవగానే నోట్సు రాసుకుందామని పెన్ను తీసినవాళ్ళతో, "మూత పెట్టు తల్లీ, సిరా దండగ. ఇది పరీక్షలో రాదు" అనేది.

ఆ ఏడు చాపల మీద కూర్చున్న పదకొండు మందిలో జయశీల ఒకతి. ముప్ఫై రెండేళ్ళ మనిషి, ఐదో తరగతితో బడి మానేసినా బైబిలు మాత్రం రెండుసార్లు ఆ అట్ట నుంచి ఈ అట్ట దాకా చదివింది. రెండు వారాలుగా నోరు విప్పనిది, ఒక శుక్రవారం మధ్యాహ్నం లేచి నిలబడింది.

"టీచరుగారూ, మేలు జరిగినవాళ్ళు సాక్ష్యం చెబుతారు. కీడు జరిగినవాళ్ళం మేమేం చెప్పాలండి?"

చర్చి గడప తొక్కనివాళ్ళకి ఈ ప్రశ్న కొంచెం విప్పి చెప్పాలి. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల వేళ ఒకటుంటుంది. దేవుడు తనకేం చేశాడో ఎవరికి వారు లేచి నలుగురిలో చెప్పుకోవచ్చు. మంచి ఏర్పాటే. కానీ మనుషుల చేతిలో పడ్డాక ఏ మంచి ఏర్పాటు మాత్రం అచ్చులో పోసిన ఇటుక కాకుండా ఉంది? జ్వరం తగ్గితే సాక్ష్యం, బోరులో నీళ్ళు పడితే సాక్ష్యం, కొడుక్కి ఉద్యోగం వస్తే రెండు వారాల సాక్ష్యం. జ్వరం తగ్గనివాళ్ళూ, బోరు ఎండినవాళ్ళూ ఆ కాసేపూ తల దించుకుని పాటల పుస్తకంలో విషయసూచిక చదువుకోవాలి.

జయశీల కూతురికి పదేళ్ళు. నాలుగో ఏట నుంచీ మూర్ఛలు. తల్లి ప్రార్థన చేయని పూట లేదు, పిల్ల కింద పడని నెల లేదు. "మొన్న ఒకరింటికి వాక్యం చెబుదామని వెళ్ళానండి. 'ముందు నీ పిల్లని బాగుచేయించుకుని రావమ్మా, తర్వాత మాకు చెబుదువుగాని' అందావిడ. ఆవిడ మాటలో తప్పేముంది? ఏ మొహం పెట్టుకుని నేను ఇంకో గడప ఎక్కను? సోమవారం ఇంటికెళ్ళిపోతానండి. ఈ పని మొహం ఉన్నవాళ్ళెవరికన్నా ఇవ్వండి" అంది. నిర్ణయించుకుని వచ్చిన మనిషి గొంతు అది.

పక్కనున్నావిడ ఆదరంగా, "అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు భక్తుడు..." అని మొదలుపెట్టింది.

"యోబుని కాసేపు ఆ బూడిదలో ప్రశాంతంగా కూర్చోనివ్వమ్మా" అంది ఎలీశమ్మ, కళ్ళజోడు తీస్తూ. "నాకు తెలిసిన సంగతొకటి చెబుతాను."

ఆవిడ చెప్పిన సంగతి ఇది.

ఎలీశమ్మకి అప్పటికి ఇరవై రెండేళ్ళు. పల్నాటిలో కాలవ కింద ఒక ఊరికి కొత్తగా బైబిలు స్త్రీగా వచ్చింది. నోటి నిండా వాక్యాలు, తల నిండా పొగరు. ఊరికి దక్షిణంగా, అంటరానివాళ్ళని ఊరు వెలిపెట్టిన పల్లె, పల్లెలో రేకుల చర్చి. పాస్టరు అయ్యగారు మరో ఆరు సంఘాలు చూసుకుంటూ నెలకొక్కసారి, బల్ల ఆదివారం నాడు మాత్రం సైకిలేసుకుని వచ్చేవాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచి వెళ్ళేవాడు. మిగిలిన రోజుల్లో సంఘం పెద్ద జకరయ్యదే పెత్తనం. జకరయ్య చెడ్డవాడు కాదు. ఆ చర్చి గోడలకి ఇటుకలు తన నెత్తి మీద మోసినవాడు. కాకపోతే గోడ కట్టినవాడికి గుమ్మం కూడా నాదే అనిపిస్తుంది కదా, అదే ఆయన జబ్బు.

ఆ పల్లెలో లేయమ్మ అనే ఆమె ఉండేది. మిరప కోతలకు వెళ్ళే కూలి. ఆ శీతాకాలం ఆమె మొగుడు కామందు చేలో పురుగుమందు కొడుతూ కొడుతూ సాలులోనే కూలిపోయాడు. పెద్దాసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. సంఘం సంఘమంతా ఉపవాసముండి మోకాళ్ళ మీద పడింది. ఐదోనాడు శవం వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు, ఒక పాక మిగిలాయి. ఆ తర్వాత లేయమ్మ సాక్ష్యాల వేళ లేచింది లేదు. "దాచిన పాపమేదో ఉండి ఉంటది. లేకపోతే ఇంతమంది ప్రార్థన వట్టిదైపోద్దా?" అని జకరయ్య ఒకరిద్దరితో అన్నాడు. లోపం తమ ప్రార్థనలో ఉందనుకోవడం కంటే విధవరాలి బతుకులో ఉందనుకోవడం సుఖం మరి.

మిరప కోతల ముఠాకి మేస్త్రి నాంచారమ్మ. ఊళ్ళో మనిషి, పోలేరమ్మకి ఏటేటా పొంగళ్ళు పెట్టే మనిషి. నోరు పచ్చిమిరపకాయ. ఆ ముఠాలో ఊరివాళ్ళ మంచినీళ్ళ బిందె వేరు, పల్లెవాళ్ళ బిందె వేరు. ఒకరోజు మధ్యాహ్నం ఎలీశమ్మ వాక్యం చెబుదామని చేలోకి వెళ్ళేసరికి, గట్టు మీద అన్నాలు తింటున్నారు. నాంచారమ్మ అందరూ వినేట్టు అడిగింది.

"ఏమే లేయా, అన్ని పూటలు కడుపు మాడ్చుకుని పిలిచారే, ఆ వేళకి మీ దేవుడు కునుకు తీస్తన్నాడా?"

ముఠా అంతా నవ్వింది. లేయమ్మ ముద్ద మింగి, "నేనూ అదే అడుగుతన్నా అక్కా ఆయన్ని" అంది.

"ఏమన్నాడు?"

"ఇంకా ఏమన్లా."

"పలకనోణ్ణి పట్టుకుని ఇంకా అడుగుతన్నావా?"

"ఇంకెవర్నడగను?"

ఎలీశమ్మకి తల కొట్టేసినట్టయింది. సువార్త చెప్పే అవకాశం చేతికందితే ఇట్లా నేలపాలు చేసుకుందే అని ఒళ్ళు మండింది. ఆ మాటకి జవాబుగా చెప్పదగ్గ వాక్యాలు తనకి తొమ్మిది తెలుసు. తొమ్మిదీ అప్పటికప్పుడు గట్టు మీద నిలబడి చెప్పింది. ముఠావాళ్ళు మర్యాదగా విని, చేతులు కడుక్కుని, కోతకి వెళ్ళిపోయారు.

ఇక్కడ బియ్యం సంగతొకటి చెప్పాలి. మన పల్లె చర్చిల్లో ఒక ఆచారం ఉంది. ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఎంత లేనివాళ్ళయినా అంతే. అది దేవుడి పిడికిలి. బల్ల ఆదివారానికి ముందు వారంలో బైబిలు స్త్రీ ఇంటింటికీ వెళ్ళి ఆ కుండలు గుమ్మరించుకొస్తుంది. అయ్యగారి కుటుంబం, దిక్కులేని ముసలివాళ్ళు ఆ గింజలే తింటారు. మొగుడు పోయాక లేయమ్మ ఇంట్లో పొయ్యి రోజుకొక్కసారే రాజేది. కానీ రాజిన ప్రతిసారీ కుండలో పిడికిలి పడేది.

కోతలు సగంలో ఉండగా నాంచారమ్మ ఒక్కగానొక్క కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు, కాలవ గట్టు మీద ట్రాక్టరు తిరగబడి చచ్చిపోయాడు.

ఆ నెలలో బియ్యానికి వెళ్ళిన ఎలీశమ్మకి లేయమ్మ ఇంట్లో కుండ బోర్లించి కనిపించింది.

"ఏం లేయమ్మా, ఈ నెల దేవుడికి పెట్టలేదా?"

"పెట్టానండి. నాంచారమ్మక్క ఇంట్లో పొయ్యి రాజలేదంటే, ఎత్తుకెళ్ళి ఇచ్చొచ్చా."

"ఆవిడకెట్లా ఇస్తావు? అవి దేవుడి బియ్యం కాదూ?"

లేయమ్మ తెల్లబోయింది. "దేవుడియ్యేగదా టీచరమ్మా" అంది. తను చేసిందాంట్లో అడగాల్సిన విషయం ఏముందో ఆమెకి నిజంగా తెలియలేదు.

ఎలీశమ్మ తిన్నగా జకరయ్య దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఈ ముక్క చెప్పేటప్పుడు టీచరుగారు గొంతు తగ్గించలేదు, కళ్ళు దించలేదు. "చాడీ చెప్పింది నేనేనమ్మా. ఇంకెవరో కాదు" అంది చాపల మీద వాళ్ళతో.

జకరయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. దేవుడి సొత్తు పట్టుకెళ్ళి పోలేరమ్మ భక్తురాలి గడపలో పోయడమా! అయ్యగారు రాగానే విచారణ పెట్టిస్తానన్నాడు. తప్పు ఒప్పుకోకపోతే బల్ల లేదన్నాడు. ఆ మాట విని లేయమ్మ ఎలీశమ్మ ఎదుట మొదటిసారి ఏడ్చింది. మొగుడి శవం దగ్గర కూడా పిల్లలు బెదురుతారని బిగబట్టిన మనిషి, కబురు తెచ్చిన ఎలీశమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. "నన్నేమన్నా అనమనండి, పడతాను. బల్ల తీసెయ్యొద్దని చెప్పండమ్మా. నెలకొక్క తూరి ఆ ముక్క నా చేతిలో పెట్టేటప్పుడే ఆయన నన్నింకా వదిలెయ్యలేదని తెలిసేది. అదీ లేకపోతే నేనెట్టా బతికేది?" ఎలీశమ్మకి ఆ పూట ఆ తొమ్మిది వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

ఈ విచారణ సంగతి మిరపచేలోకి పాకింది. పల్లెపిల్ల ఒకతె కోస్తూ కోస్తూ, "ఆదివారం లేయమ్మత్త మీద చర్చిలో తీర్పంట. పాటలవగానే సాక్ష్యాలంట" అని పక్కదానికి చెప్పింది. కొడుకు పోయిన పదహారు రోజులకి అప్పుడే పనిలోకి వచ్చి కూర్చున్న నాంచారమ్మ చెవిన అది పడింది. ఆమె ఎరిగిన సాక్ష్యం ఒకటే. పొలం గట్టు తగాదాలో కోర్టు మెట్లెక్కి ప్రమాణం చేసి చెప్పేది. ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆదివారం తల స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, ఊరు దాటి పల్లెలోకి నడిచింది. ఊళ్ళో ఆడది, అందునా కడుపుకోతతో ఉన్నది, పల్లె చర్చిలోకి రావడం ఎవరూ ఎరగరు. వెనక ఆడవాళ్ళు కంగారుగా జరిగి చాప ఇచ్చారు. ఆమె చాప పక్కకి నెట్టి ఉత్త నేల మీద కూర్చుంది.

పాటలయ్యాయి. తప్పిపోయిన గేదె దొరికిందని ఒకాయన సాక్ష్యం చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నాంచారమ్మ పక్కావిడ వైపు వంగి, "గేదె కేసు కూడా ఇయ్యాలే వచ్చిందా?" అని అడిగింది. అయ్యగారు, "ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేచి చెప్పండి" అన్నాడు.

"నేను చెప్తానయ్యా" అని నాంచారమ్మ లేచింది.

జకరయ్య చెయ్యి అడ్డం పెట్టబోయాడు. అయ్యగారు వద్దన్నట్టు చూశాడు.

"ప్రమాణం మీ పుస్తకం మీద చెయ్యమంటారా, మా పోలేరమ్మ మీదా? దేనిమీదైనా చేస్తా. నేను చూసింది చెప్తా, చూడంది చెప్పను. నా కొడుకుని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టిననాడు ఊరంతా వచ్చింది. ఒకళ్ళు తలరాతన్నారు, ఒకళ్ళు నా గాచారమన్నారు. ఇదిగో, ఇప్పుడు చెయ్యడ్డం పెట్టబోయిన ఈ పెద్దమనిషీ వచ్చాడు. మీ దేవుణ్ణి నమ్ముకునుంటే నా కొడుకు బతికేవాడని చెప్పిపోయాడు. అందరూ మాటలు తెచ్చారు. ఈ లేయా ఉత్త చేతుల్తో వచ్చి గుంజ పక్కన కూర్చుంది. నాకు మండి, 'నీ దేవుడు నీ మొగుణ్ణి కాపాడలా, నా ఇంటికి ఏ మొహం పెట్టుకొచ్చావే?' అన్నా. ఏమందో తెలుసా? 'కాపాడలా అక్కా. అందుకే వచ్చా' అంది."

నాంచారమ్మ కొంగు నడుములో దోపుకుంది.

"తొమ్మిది రోజులు కోత దిగి నేరుగా మా ఇంటికే వచ్చేది. తిట్టినా వచ్చేది. దేవుడి పేరు ఒక్కసారీ ఎత్తలా. ఊరికే కూర్చునేది. నేను ఏడిస్తే ఏడ్చేది, నేను ఆపితే అదీ ఆపేది. చావొచ్చిన ఇల్లు, దినం అయ్యాకా నేను పొయ్యి ముట్టించలా. ఎవరికోసం ముట్టించను? అప్పుడు చేట నిండా బియ్యం తెచ్చి గడపలో పెట్టింది. 'నువ్వు తినకపోతే నేనూ తినను' అంది. పల్లె బియ్యం, ముట్టొద్దని మావాళ్ళు గోల. నేను వండుకుని తిన్నా. మొగుడు పోయి అది ఎట్టా లేచి నిలబడిందో, ఆ ఎట్టా అనేది ఏదో ఆ గింజల్లో ఉందనిపించి తిన్నా. ఆ బియ్యం ఇప్పుడు నా కడుపులో ఉన్నాయి. అది దొంగతనమైతే తిన్న దొంగని నేను. ఇది నా సాక్ష్యం. ఏలిముద్ర ఎక్కడెయ్యాలో చూపియ్యండి."

అయ్యగారు, "ఏలిముద్ర అక్కర్లేదమ్మా" అన్నాడు.

"మరి తీర్పు?"

"ఇక్కడ తీర్పు చెప్పరమ్మా."

"తీర్పు చెప్పనోళ్ళు సాక్ష్యాలెందుకు తీసుకుంటన్నారయ్యా?"

ఆయన ఆ పూట ప్రసంగం చెప్పలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె విరిచి, ఎప్పుడూ మొదట సంఘం పెద్దకిచ్చేవాడు, ఆ రోజు ఆ ముక్క పట్టుకుని ఆడవాళ్ళ వైపు నడిచి లేయమ్మ చేతిలో పెట్టాడు. ముక్క ఆమె వేళ్ళ సందుల్లోంచి జారబోతే జకరయ్యే గబుక్కున తన దోసిలి కింద పట్టాడు. అంతకు మించి ఆయన తప్పు ఒప్పుకున్నదీ లేదు, ఎవరూ ఒప్పించిందీ లేదు. లేయమ్మ నోట్లో వేసుకునేదాకా నాంచారమ్మ నిలబడే చూసింది. "సరే, ఇచ్చారుగా" అని, వెనక దుమ్ము దులుపుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

టీచరుగారు ఆగింది. కళ్ళజోడు ఇంకా చేతిలోనే ఉంది. చాపల మీద ఒకరిద్దరు ముక్కు చీదారు. జయశీల మాత్రం ఏడవలేదు. కథ చివరకొచ్చినా తన లెక్క తేలని మనిషిలా ఉంది.

"ఆ నాంచారమ్మగారు తర్వాత బాప్తిస్మం తీసుకుందాండీ?"

"లేయమ్మ ఆ మాట ఏనాడూ అడగలేదు. నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, అడగలేదు."

"అది కాదండి. లేయమ్మగారు నోరు తెరిచి ఒక్క సాక్ష్యం చెప్పలేదు కదా. చెప్పింది ఆ ఊరావిడ. అప్పుడు మా బోటివాళ్ళ పనేమిటండి?"

ఎలీశమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆమె వంక నిదానంగా చూసింది.

"సాక్ష్యం చూసినవాళ్ళు చెబుతారు. మీ బోటి ముద్దాయిల పని చెప్పడం కాదే పిల్లా," అంది. "బోనులో నిలబడడం."